కుడి లైటు

నవంబరు 3, సోమవారం

ఈ పేజీకీ, దీని వెనక పేజీకీ, అట్ట మీద పాకుతున్న చీమకీ, యావన్మందికీ తెలియజేయడమేమనగా... సొసైటీ సెక్రటరీ ఆంటీగారు, అనగా ఎదురు బ్లాకు గ్రౌండు ఫ్లోరు, ఈ ఉదయం నా పేరూ ఫ్లాటు నంబరూ నోటీసు బోర్డుకెక్కించారు. ఎర్ర ఇంకు. ఇంగ్లీషు. నేరం: పైపుతో కారు కడుగుట. ఆ కారు నాది కూడా కాదు, పై ఫ్లాటు మూర్తిగారిది. కావున నేటి నుంచి ఆంటీకీ నాకూ యుద్ధం. పదో తరగతి మూడుసార్లు తప్పినవాడితో పెట్టుకోకూడదు. వాడికి కొత్తగా పోయే పరువుండదు.

మంగ — "యాభై రెండేళ్ళొచ్చాయి. బకెట్టుతో కడిగితే చెయ్యి అరిగిపోద్దా?"

పెళ్ళాం కూడా శత్రుపక్షమే. రాసి పెట్టుకుంటున్నా.

నవంబరు 4

గూఢచర్యం. ఆంటీ సరిగ్గా ఏడింటికి సీరియల్ ముందు కూర్చుంటుంది. కిటికీకి పరదా లేదు. కిటికీకెదురుగా, పార్కింగుకి అటువైపు — మూర్తిగారి స్లాటు, బండి ముక్కు కిటికీ వైపే.

ఆహా.

నవంబరు 6, గురువారం

మూర్తిగారు ఇంజన్లో నీళ్ళు చూడమన్నారు. చూశాను. నీళ్ళతో పాటు లైటు వెనకున్న ప్లాస్టిక్ స్క్రూ కూడా చూశాను. ఇరవయ్యేళ్ళుగా ఆఫీసు కార్లు తోలుతున్నవాణ్ణి, ఆ స్క్రూ ఎటు తిప్పితే వెలుగు ఎటు పోతుందో కళ్ళు మూసుకుని చెబుతా. ఆంటీ కిటికీకి తిన్నగా ఉన్నది కుడి లైటు. అది ఒక్కటే. ఐదు చుట్లు. పైకి.

సాయంత్రం ఏడు. మూర్తిగారు వాళ్ళావిడ శారదమ్మగారిని డయాలిసిస్ నుంచి తీసుకొచ్చారు. సోమ, గురువారాలు — ఢిల్లీలో ఈ చివర మయూర్ విహార్ నుంచి ఆ చివర జనక్‌పురి దాకా. వాళ్ళుండిన పాత కాలనీ, పాత డాక్టరు, మారమంటే మారరు. ఆవిడ బండి దిగడానికే ఐదు నిమిషాలు పడుతుంది. దిగే చోటు కనపడాలని ఆయన లైట్లు ఆపరు.

ఆ ఐదు నిమిషాలూ వెలుగు తిన్నగా ఆంటీ టీవీ మీద. సీరియల్లో అత్తగారు పాలల్లో ఏదో కలుపుతోంది. ఏం కలుపుతోందో తెలీకుండా పోయింది.

"అరే కౌన్ హై! లైట్ బంద్ కరో భాయ్!"

మా వంటింటి కిటికీ దగ్గర నేనూ మంగా. మంగ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. శత్రుపక్షం మన వైపు తిరిగింది.

నవంబరు 10, సోమవారం

మళ్ళీ ఏడింటికి. ఈసారి సీరియల్లో పెళ్ళి. తాళి ఎవడు కట్టాడో ఆంటీకి తెలియదు. పాపం, పక్క ఫ్లాటుకి వెళ్ళి అడిగిందట.

నవంబరు 13, గురువారం

ఆంటీ మూర్తిగారి దగ్గరికెళ్ళింది. మూర్తిగారు నా దగ్గరికొచ్చారు. గుమ్మంలోనే నిలబడి —

"సూరిబాబూ. నీ పనేనా?"

"ఆయ్. నాదే."

కళ్ళద్దాలు తీసి మరీ నవ్వారు. గోడ పట్టుకుని. అండర్ సెక్రటరీగా రిటైరైన మనిషి, ఫైలు మొహం. భార్యకి కిడ్నీలు పాడైనప్పట్నుంచీ ఆయన పళ్ళు నేను చూళ్ళేదు. చాలా బాగున్నాయి, సొంతవే అనుకుంటా.

వెళ్తూ వెళ్తూ — "ఇంక చాల్లే, దించేయవయ్యా. ఎదురొచ్చేవాళ్ళ కళ్ళల్లో కొడుతుంది."

"పొద్దున్నే దించేస్తానండీ."

నవంబరు 14, శుక్రవారం

దించేశాను. ఐదు చుట్లు, కిందకి. మూర్తిగారికి చెప్పేశాను. సాయంత్రం ఆంటీ పరదా కొనుక్కొచ్చింది, ముదురు నీలం, పూలు. అనవసరంగా.

నవంబరు 24

మూర్తిగారు బండికి సిఎన్‌జి పెట్టించారు. డిక్కీలో సిలిండరు, పడుకున్న దున్నపోతులా. శారదమ్మగారి వీల్‌చైరు ఇంక వెనక సీట్లోనే.

"ఎలా ఉందయ్యా?"

"బండి వెనక కూర్చుంది, ముక్కు పైకి లేచింది. లైట్లు మళ్ళీ సెట్ చేయాలండీ. గోడ ముందు పెట్టి."

"ఆదివారం చూద్దాం."

ఢిల్లీలో సిలిండరు పెట్టించిన ప్రతివాడూ ఇదే మాట. అందుకే సగం బండ్లు ఆకాశంలో నక్షత్రాలు వెతుక్కుంటూ తిరుగుతాయి.

నవంబరు 30, ఆదివారం

చూళ్ళేదు. ఆయనకి తీరిక లేదు. నాకు బద్ధకం.

డిసెంబరు 9

పొగమంచు మొదలైంది. ధౌలా కువాన్ దగ్గర ముందు బండి వెనక దీపం కూడా కనపడ్డం లేదు. ఆఫీసులో కొత్తగా చేరిన డ్రైవరు టిఫిన్ డబ్బాలో ఇడ్లీలు తీసి స్పాంజి ముక్కలు పెట్టాను. చట్నీ పోసుకున్నాడు. మంచి మనిషి.

డిసెంబరు 18, గురువారం

ఏడున్నర అయినా బండి రాలేదు. ఎనిమిదైనా రాలేదు. తర్వాత శారదమ్మగారు ఆటోలో, ఒక్కరూ. మంగ రెండు చేతులా పట్టుకుని దింపింది.

జనక్‌పురిలో, ఆసుపత్రి వెనక రోడ్డు. మధ్యలో డివైడరు లేదు. మంచు. ఎదురుగా స్కూటీ మీద ఒకావిడ. కళ్ళల్లో లైటు పడి, పక్కకి లాగి, ఆగి ఉన్న తోపుడు బండిని కొట్టి... కాలు. మూర్తిగారే ఎత్తుకుని అదే ఆసుపత్రికి తీసుకెళ్ళారట. ఇంకా అక్కడే ఉన్నారు.

"ఆయన డిప్పర్ కొట్టారు బాబూ," అంటారు శారదమ్మగారు. "టక్‌మని వినపడింది నాకు. లైటు తగ్గించారు."

డిసెంబరు 19

స్కూలు టీచరట. మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ప్లేటు వేశారు. పేరు కమలేశ్. పోలీసు అడిగితే — కోహరా థా, మంచు కదా, నా ఖర్మ — అందట. కేసు లేదు.

మూర్తిగారు సోఫాలో. మఫ్లర్ కూడా తీయలేదు.

"ముప్ఫై ఏళ్ళు సూరిబాబూ. సైకిలు ఎదురొచ్చినా డిప్పర్ కొట్టేవాణ్ణి. నిన్న మర్చిపోయాను. హైబీమ్‌లోనే ఉంచేశాను."

"అమ్మగారు టక్‌మని విన్నారటగా..."

"దానికి నాలుగ్గంటల డయాలిసిస్ తర్వాత దాని పేరే గుర్తుండదు. నా తప్పు కాకూడదని అంటోంది."

నాకు ఒక్క జోకూ తట్టలేదు. వెతికాను కూడా.

డిసెంబరు 20, శనివారం

సాయంత్రం ఆరు, చీకటి పడగానే. తాళం నేనే అడిగి తీసుకున్నా. ట్రాన్స్‌ఫార్మర్ గది పక్క గోడ. బండి గోడకి ఆనించి, రెండు లైట్ల అద్దాల ఎత్తులో గోడ మీద నల్ల టేపు. తర్వాత తిన్నగా పది అడుగులు... అంటే నా నడక అడుగులు పది, బండి వెనక్కి. డిప్పర్‌లో పెట్టి చూడాలి. వెలుగు పై అంచు టేపుకి నాలుగు వేళ్ళు కిందన పడాలి. అదీ లెక్క. అలా ఉంటే ఎదుటివాడి కళ్ళ జోలికి పోదు.

ఎడమది — టేపుకి నాలుగు వేళ్ళు పైన. సిలిండరు బరువు. అనుకున్నదే.

కుడిది — దానికీ ఒక టేపు అంటించాను, వెలుగు పడిన చోట. కొలిచాను. రాయను.

రెండూ సరిచేశాను. 

సిలిండరే. సిలిండరు వల్లే.

డిసెంబరు 21

మూర్తిగారికి చెప్పాను. తప్పు సిలిండరుదండీ, డిప్పర్‌లో ఉన్నా లైటు పైకే కొడుతుంది, మీరు మర్చిపోలేదు అని.

విన్నారు. మఫ్లర్ విప్పి ఒళ్ళో మడత పెట్టుకున్నారు.

"సిలిండరు పెట్టించింది నేనే కదా. నువ్వు చెప్పావు కూడా, సెట్ చేయాలని. ఆదివారం అన్నాను."

ఎటు తిప్పినా తెచ్చి తన నెత్తినే పెట్టుకుంటున్నాడు ఈ మనిషి. ఏం చేయను.

డిసెంబరు 22, సోమవారం

ఆయన స్టీరింగు ముట్టనన్నారు. క్యాబు పిలుస్తానంటారు. క్యాబువాడు ఆవిణ్ణి దింపడానికి ఐదు నిమిషాలు ఆగుతాడా? నేను పొద్దుటి డ్యూటీ వేయించుకున్నా, రెండింటికి వదిలేస్తారు. ఇక సోమ, గురువారాలు నేనే.

అదే బండి. అదే రోడ్డు. తోపుడు బండి అక్కడే ఉంది, జామకాయలు. ఎదురుగా స్కూటీ వస్తే నా చెయ్యి ఊరికే డిప్పర్ మీదకెళ్తుంది. ఇప్పటికే డిప్పర్‌లో ఉంది. మళ్ళీ కొడతాను. టక్. టక్.

వెనక సీట్లోంచి శారదమ్మగారు, కళ్ళు మూసుకునే — "ఇదే బాబూ. ఇదే చప్పుడు."

డిసెంబరు 25

ఆంటీ పట్టుకుంది. "సూరీజీ, గోడ మీద ఆ టేపులేంటి? సొసైటీ గోడకి మొన్ననే రంగు వేయించాం." అన్నీ హిందీలో, నాలుగు బాల్కనీలకి వినపడేట్టు. నేను తల దించుకుని, ఠీక్ హై ఆంటీజీ, అన్నాను. ఒంట్లో బాగాలేదనుకుని ఆవిడే భయపడింది. "తబియత్ ఠీక్ హై ఆప్‌కీ?"

మంగ రాత్రి అన్నం పెడుతూ — "వారం రోజుల్నుంచి ఒక్కణ్ణీ ఏడిపించలేదు. జొరమా?"

"లేదు."

"మరి నన్నన్నా ఏడిపించు. ఇల్లు బోసిగా ఉంది."

డిసెంబరు 28, ఆదివారం

మూర్తిగారు రెండ్రోజులకోసారి పళ్ళు పట్టుకుని టీచరమ్మని చూడ్డానికి వెళ్తున్నారట. ఈ రోజు నేనే తోలాను. కింద ఆగుతానంటే పైకి రమ్మన్నారు.

మంచం. కాలు దిండు మీద. నలభై ఉంటాయేమో. పక్కన దిద్దాల్సిన నోటు పుస్తకాల దొంతర. మంచి మనిషి — అదే కష్టంగా ఉంది. తిట్టుంటే బాగుండేది.

"అంకుల్‌జీ, ఫిర్ సేబ్? ఇంట్లో యాపిల్ కొట్టు పెట్టాలి నేను."

నేనెవరని అడిగింది. డ్రైవర్ని అన్నాను.

మూడో క్లాసు చెబుతుందట. నిలబడే చెప్పాలట, కూర్చుంటే పిల్లలు వినరట. డాక్టరు ఏమన్నాడంటే — నడుస్తారు, కాస్త కుంటుతారేమో, చూద్దాం. ఆ 'చూద్దాం' దగ్గర ఆవిడ నోటు పుస్తకం ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి మళ్ళీ పెట్టేసింది.

తర్వాత తనే అంది, మూర్తిగారి మొహం చూసి. "మీరు డిప్పర్ కొట్టారు అంకుల్‌జీ. నేను చూశాను. లైటు ఒకసారి ఆడింది. కానీ తగ్గలేదు. ఎందుకో తగ్గలేదు."

మూర్తిగారు తల అడ్డంగా ఊపారు. "నహీ బేటీ. మీ మంచితనం."

ఆ గదిలో ముగ్గురం. ఎందుకు తగ్గలేదో తెలిసినవాడు ఒక్కడు. వాడు యాపిల్ ముక్క నములుతున్నాడు.

జనవరి 1

హ్యాపీ న్యూ ఇయరట.

జనవరి 4, ఆదివారం

మూర్తిగారు బండి అమ్మేస్తున్నారు. వచ్చే ఆదివారం పదింటికి బేరగాడు వస్తాడు. లైసెన్సు కూడా రెన్యువల్ చేయించనని శారదమ్మగారికి చెప్పేశారు. "ఇంకొకళ్ళని పడేయలేను" — ఇదీ మాట. ఆవిడ నాకు మెట్ల మీద చెప్పారు, గొంతు తగ్గించి. "రాత్రిళ్ళు లేచి కూర్చుని చెయ్యి ఇలా, ఇలా అంటున్నారు బాబూ. డిప్పర్ కొట్టినట్టు. కొట్టానా శారదా, కొట్టానా, అని. కొట్టారండీ అంటే నమ్మరు. నువ్వన్నా చెప్పు. నీ మాట వింటారు."

నా మాట.

చెప్పాలి. గురువారం.

జనవరి 8, గురువారం

చెప్పాను. చెప్పాననే అనాలా... చెప్పాను.

తిరుగు ప్రయాణం. ధౌలా కువాన్ దగ్గర జాము, బండి కదలదు. శారదమ్మగారు వెనక నిద్ర. ఈ రోజు మూర్తిగారు కూడా వచ్చారు, నా పక్క సీట్లో, ఒళ్ళో ఆవిడ స్వెట్టరు.

"తప్పు మీది కాదండీ. నాది. కుడి లైటు పైకి తిప్పింది నేను. అందుకే డిప్పర్ కొట్టినా తగ్గలేదు."

ముందు బండి ఎర్ర దీపం ఆయన మొహం మీద. నన్ను చూశారు. తర్వాత చిన్నగా నవ్వారు. ఆ పళ్ళే.

"ఎంత మంచివాడివయ్యా నువ్వు."

"కాదండీ, నిజంగా..."

"నా తప్పు నీ నెత్తిన వేసుకుంటే నాకు నిద్ర పడుతుందనా? పిచ్చివాడా. నువ్వు తిప్పింది ఆంటీ కోసం, అప్పుడెప్పుడో. నేను చెప్పిన మర్నాడే దించేశావుగా. నాకు వచ్చి చెప్పావు కూడా. దించేశావు కదూ?"

అడిగారు. ప్రశ్నే అడిగారు. అంత తిన్నగా నన్నెవ్వరూ ఏదీ అడగలేదు. ఒక్క మాట చాలు. లేదండీ.

"ఆయ్," అన్నాను.

వెనక బండివాడు హారన్ కొట్టాడు. జాము కదిలింది.

జనవరి 9

ఊళ్ళో అందరూ నా అబద్ధాలు నమ్ముతారు. నిజం ఒక్కటి చెబితే నమ్మలేదు. ఇదో రకం శిక్షేమో. కానీ... నమ్మలేదు సరే, నువ్వెందుకు ఆయ్ అన్నావురా?

జనవరి 10, శనివారం

పొద్దున నోటీసు బోర్డు మీద మళ్ళీ నేను. గోడ మీది టేపులు ఇరవై నాలుగు గంటల్లో తీసేయవలెను. ఎర్ర ఇంకు.

సాయంత్రం వెళ్ళేసరికి గోడ ముందు మూర్తిగారు. చేతులు వెనక్కి కట్టుకుని, ఆఫీసు ఫైలు చూసినట్టు చూస్తున్నారు.

"ఇవేంటయ్యా?"

"లైట్లు సెట్ చేసిన గుర్తులండీ. ఆ రెండూ అద్దాల ఎత్తు."

"మరి ఇది? పైన, కుడివైపు ఒక్కటే ఉంది?"

జానెడున్నర పైన. నా చేత్తో అంటించింది. అడిగాడు, తనంతట తనే అడిగాడు, గోడ మీదే సమాధానం ఉంది, వేలు పెట్టి చూపించడమే. నోరు తెరిచాను. వచ్చిందేమిటంటే —

"అది ఆంటీగారి కోపం ఎత్తండీ."

నవ్వారు. భుజం తట్టి మెట్లెక్కిపోయారు. పైదాకా ఆ నవ్వు వినపడింది, మధ్యలో దగ్గు. మూడు వారాల తర్వాత ఆయన్ని నవ్వించాను. చెప్పుతో కొట్టుకోవాలి.

టేపు పీకలేదు.

ఇప్పుడు పది దాటింది. మంగ పడుకుంది. రేపు పదింటికి బేరగాడు. బండి పోతే కుడి లైటు పోతుంది, ఆంటీ టేపు పీకించేస్తే గోడ శుభ్రం, ఇంక లోకంలో ఈ విషయం తెలిసినవాళ్ళు ఇద్దరే. నేనూ, ఈ పుస్తకమూ. పుస్తకానికి కూడా తెలియదు. దీనికీ అబద్ధమే చెప్పాను.

సిలిండరు బరువు రెండు లైట్లనీ సమానంగా లేపుతుంది. ఎడమది నాలుగు వేళ్ళు లేచి, కుడిది జానెడున్నర లేవదు. ఇది పదో తరగతి తప్పినవాడికి కూడా తెలుసు. ఆ రోజు గోడ ముందే తెలుసు.

మంగని లేపనా? లేపితే ఇప్పుడే పైకి వెళ్ళి చెప్పి రమ్మంటుంది. మెట్లు పద్దెనిమిది. పైన లైటు వెలుగుతోంది, ఆయన లేచే ఉన్నారు, చెయ్యి అలా అలా అంటూ ఉంటారు.

స్లిప్పర్లు వేసుకున్నా. విప్పాను. మళ్ళీ వేసుకున్నా.

ముందు ఇక్కడ రాస్తే, తర్వాత నోటితో వస్తుందేమో.

నవంబరు 14 నాడు రాసిన లైను — దించేశాను, ఐదు చుట్లు, కిందకి — కల్పితం. ఆ రోజు ఆంటీ పరదా కొంది కదా, ఇంక అరవదు కదా, తొందరేముందిలే అనుకున్నాను. స్క్రూడ్రైవరు డ్రాయర్లోంచి బయటికే తీయలేదు.